బ్లాక్ ఫ్యామిలీ ట్రీలో కాలిన పేర్లు

హ్యారీ పోటర్ ఇంకా పూర్తిచేయని వాళ్లు ఇక్కడే ఆగిపోండి, స్పాయిలర్స్ ఉన్నాయి. ఇవాళ మన టాపిక్ సిరియస్ బ్లాక్ వాళ్ల వంశం.

లండన్‌లో గ్రిమ్మాల్డ్ ప్లేస్, 12వ నంబర్ ఇల్లు. లోపల గోడకి ఒక పాత తెర, దానిమీద బంగారు దారంతో వంశవృక్షం. 2003లో వచ్చిన ఐదో పుస్తకంలో సిరియస్ దాన్ని హ్యారీకి చూపిస్తాడు. చూస్తే తన పేరు ఉండాల్సిన చోట ఒక కాలిన రంధ్రం! పదహారేళ్లప్పుడు ఇల్లు వదిలి ఫ్రెండ్ జేమ్స్ వాళ్లింటికి వెళ్లిపోయాడని, వాళ్లమ్మ వాల్‌బర్గా కాల్చేసింది.

అతనొక్కడే కాదు. ఆండ్రోమెడా పేరూ లేదు. కారణం? మంత్రాలు రాని మామూలు మనుషుల ఇంట్లో పుట్టిన టెడ్ టాంక్స్‌ని పెళ్లి చేసుకుంది. ఆమె అక్క బెల్లాట్రిక్స్, చెల్లెలు నార్సిస్సా మాత్రం "మంచి రక్తం" చూసి చేసుకున్నారు, వాళ్ల పేర్లు భద్రం. ఇక సిరియస్ మేనమామ ఆల్ఫార్డ్ చేసిన నేరమల్లా, ఇల్లు వదిలిన మేనల్లుడికి బంగారం రాసివ్వడం. ఆయన పేరూ పోయింది.

ఇప్పుడు అసలు మజా చూడండి. రౌలింగ్ చేత్తో గీసిన ఈ వంశవృక్షాన్ని 2006లో ఛారిటీ కోసం వేలం వేశారు. దాని ప్రకారం వాల్‌బర్గా పుట్టింటి పేరు కూడా బ్లాకే! ఆమె తాత, భర్త ఓరియన్ తాత సొంత అన్నదమ్ములు. మన వరసల్లో అయితే మొగుడూపెళ్లాలు అక్కాతమ్ముళ్లు అన్నమాట! దాంతో బెల్లాట్రిక్స్ సిరియస్‌కి అమ్మ వైపు నుంచి మేనమామ కూతురు, నాన్న వైపు నుంచి అక్క వరస. చివరికి అతన్ని చంపింది కూడా ఆమే. రక్తం స్వచ్ఛంగా ఉండాలని పట్టుబడితే మిగిలేది సొంతవాళ్లే మరి, సంబంధాలు ఇంకెక్కడ దొరుకుతాయి?

నాకు బాగా గుచ్చుకునేది మాత్రం సిరియస్ తమ్ముడు రెగ్యులస్ కథ. అతని పేరు తెర మీద చక్కగా ఉంటుంది, చనిపోయిన తేదీతో సహా. అమ్మకి మంచి కొడుకు. కానీ ఏడో పుస్తకంలో తెలుస్తుంది, వోల్డెమార్ట్‌కి ఎదురు తిరిగి, ఆ లాకెట్ కోసం ప్రాణం ఇచ్చింది అతనే అని. ఇంట్లోవాళ్లకి చెప్పొద్దని క్రీచర్‌కి ఆర్డర్ వేసి మరీ చనిపోయాడు. అమ్మకి తెలిసుంటే ఆ పేరూ కాలిపోయేది, కాదా?

సిరియస్‌తో బ్లాక్ ఇంటిపేరు ఆగిపోయింది. ఆ ఇల్లు హ్యారీకి వచ్చింది. హ్యారీ వాళ్లమ్మ లిల్లీ ఎవరింట్లో పుట్టింది? టెడ్ టాంక్స్ లాగే, మామూలు మనుషుల ఇంట్లో!

సరే, మీకో పని. ఆండ్రోమెడా కూతురు టాంక్స్, నార్సిస్సా కొడుకు డ్రేకో. వీళ్లిద్దరూ మన లెక్కలో ఏం వరస అవుతారో కామెంట్‌లో చెప్పండి. బై!