సభ్యుల సొత్తు: సహకార సంఘం నుంచి సాఫ్ట్‌వేర్ దాకా
(గణపవరంలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి పేరున ఈ సాయంత్రం ఇక్కడ కూడామో ఆ పెద్దాయన బతుకంతా సంఘం పద్దులు రాశారు. సభ్యుడు ఎప్పుడొచ్చి అడిగినా పుస్తకం తీసి ముందు పెట్టేవారు. ఇప్పుడా పుస్తకం కంప్యూటర్లోకి వెళ్తోంది. 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలను రూ. 2,516 కోట్లతో కంప్యూటరీకరించడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో ఆమోదం తెలిపింది. దేశమంతటికీ ఒకే సాఫ్ట్‌వేర్, నాబార్డు చేయించింది. మంచి పనే. ఏ రోజు లెక్క ఆ రోజే తేలుతుంది. అయితే రేపు చేపల చెరువుల అప్పులకు మన సంఘం వేరే పద్దు పెట్టుకోవాలనుకుంటే, ఆ సాఫ్ట్‌వేర్ మీద మనకేం హక్కుంది? ఈ ప్రశ్న కోసమే ఒక పాత చరిత్ర, ఒక కొత్త చరిత్ర మీ ముందు పెడతాను.

పేరుకు సొంతమైనది చేతిలోంచి ఎలా జారిపోతుందో కొల్లేరు సరస్సు చూపించింది. 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం లంక గ్రామాల మత్స్యకారుల చేత సహకార సంఘాలు పెట్టించి చెరువులు అప్పగించింది. ఉద్దేశం గొప్పది. కానీ గట్టు వేయాలన్నా, పిల్ల వదలాలన్నా, మేత వేయాలన్నా డబ్బు కావాలి. ఆ డబ్బున్నవాళ్లు బయటి నుంచి వచ్చారు. చెరువులు లీజుకు వెళ్లాయి. సంఘం రిజిస్టరులో సభ్యుడిగా ఉన్న మనిషే తన చెరువు గట్టు మీద కూలికి నిలబడ్డాడు. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు. లీజుదారుడు మరోచోట చెరువు చూసుకోగలడు. లంకలో పుట్టినవాడు ఎక్కడికి పోతాడు? పత్రం చేతికి ఇస్తే చాలదనీ, దాన్ని పరాయిపరం చేయలేని కట్టుబాటు కూడా కావాలనీ నేను గట్టిగా నమ్మడానికి ఇదే కారణం.

ఇక చట్టం సంగతి. 1964 సహకార చట్టం కింద సర్కారు వాటా పెట్టేది, రిజిస్ట్రారు పాలకవర్గాన్ని రద్దు చేయగలిగేవాడు. ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నిలబెట్టిన గ్రామీణ సహకార బ్యాంకు వంటివి, సభ్యులకు వదిలేస్తే ఎంత బాగా నడుపుకుంటారో చూపించాయి. హైదరాబాద్‌లోని కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ ఏళ్ల తరబడి చేసిన కృషి ఫలితంగా 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. సర్కారు వాటా ఉండదు, పెత్తనమూ ఉండదు. ఉపనిబంధనలు సభ్యులే రాసుకుంటారు. దేశంలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఈ విషయం మన పిల్లలకు బడిలో చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ దగ్గరకు వద్దాం. అమెరికాలో మిన్నెసోటా పాలరైతుల రాష్ట్రం. ల్యాండ్ ఓ లేక్స్ సహకార సంఘం 1921లో పుట్టింది అక్కడే. అదే రాష్ట్రంలో 2004లో బెస్ట్ బై, జోస్టెన్స్ వంటి కంపెనీలు అవలాంచ్ అనే టెక్నాలజీ సహకార సంఘం పెట్టుకున్నాయి. ప్రతి కంపెనీ ఒకే రకం ప్రోగ్రాము విడివిడిగా రాయించుకోవడం దేనికి, చందా కట్టి సంఘంలో చేరి, ఒకరు రాయించింది అందరం వాడుకుందాం అన్నది వాళ్ల ఆలోచన. పాలకేంద్రం నడిపిన ఊళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

అంతకు ముందే, 1999లో, అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్లను నడిపిన సర్వర్ ప్రోగ్రామును 1995 నుంచి కలిసి రాసుకున్న కొద్దిమందే దాని మూలం. ఇక్కడ కొంచెం ఆగాలి. దానికి సభ్యులున్నారు గాని వాటాలు లేవు. వాటా లేదు కనుక కొనేవాడూ లేడు. కంపెనీలకు సభ్యత్వం ఇవ్వరు, మనుషులకే ఇస్తారు. కోడ్ రాసినవారు తమ కాపీహక్కు తమ దగ్గరే ఉంచుకుని, వాడుకునే, పంచుకునే అనుమతిని సంస్థకు రాసిస్తారు. కొల్లేటి సంఘాలకు లేకపోయిన కట్టుబాటు ఇందులో ఉంది.

అయితే అపాచీ లైసెన్సు కింద తీసుకున్న కోడ్‌ను ఎవరైనా మార్చి, మూసి, అమ్ముకోవచ్చు. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో తెచ్చిన జీపీఎల్ అనే లైసెన్సు అలా ఒప్పుకోదు. మార్చి ఇతరులకు ఇచ్చేవాడు మూల కోడ్ కూడా ఇచ్చితీరాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ కింద అందరికీ వచ్చాయి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ, తెలుగులో పనిచేసే లైనక్స్‌ను తయారుచేసింది. మనవాళ్లకు రాయడం వచ్చు, పంచడం వచ్చు. సభ్యుల యాజమాన్యంతో సంఘం కట్టడం ఒక్కటే మిగిలింది.

దానికి 1995 చట్టం ఉంది. వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది చాలు. ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడమర్రు ప్రాంతాల్లో సంఘాల గుమాస్తాలు, చెరువు రైతులు, ఇంజనీరింగ్ చదివిన పిల్లలు కలిస్తే మేత లెక్క, నీటి పరీక్షల పద్దు వంటి చిన్న ప్రోగ్రాములతో మొదలుపెట్టవచ్చు. ఉపనిబంధనల్లో మాత్రం మూడు షరతులు ముందే రాయండి. కోడ్‌ను ఏ ఒక్కరికీ ప్రత్యేక హక్కుతో లీజుకు ఇవ్వకూడదు. సంఘం విడిచి వెళ్లే సభ్యుడు తన పద్దులూ కోడ్ ప్రతీ తీసుకుపోవచ్చు. సంఘం మూతపడినా లైసెన్సు మూతపడకూడదు. ముసాయిదా రాయడానికి ఈ సభ ముగిశాక ఎవరు కూర్చుంటారో పేర్లు చెప్పండి, నేనూ కూర్చుంటాను.