ఇనుపరేకుపై ముఖచిత్రము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక విధమైన తిరునాళ్ళు జరుగుచుండును. 1861 మొదలు 1865 వరకు ఆ దేశమున జరిగిన అంతర్యుద్ధపు ఘట్టములను, ఆనాటి దుస్తులు ధరించి, ఆనాటి డేరాలలో వసించి, జనులు మరల అభినయింతురు. అట్టిచోట ఒక చీకటి డేరాయు, దాని ముందు ముక్కాలిపీటపై పెద్ద కొయ్య కెమేరాయు కనబడినచో, అది టిన్‌టైపు పటములు తీయువాని దుకాణమని తెలిసికొనవలెను. సెల్‌ఫోనుతో క్షణములో పది ఛాయాచిత్రములు తీసికొనగల జనులు ఒక్క పటమునకై అచ్చట తమవంతు కొరకు వేచియుందురు. ఎందులకో విచారింపదగియున్నది.

పేరును బట్టి అది తగరపు రేకని తోచును గాని, అందు తగరము లేదు. నల్లని వార్నీషు పూసిన పలుచని యినుపరేకే టిన్‌టైపు. నేడు పెక్కుమంది నల్లపూతగల అల్యూమినియము రేకుతో సరిపెట్టుకొనుచున్నారు. దీనికి మూలమైన కలోడియను పద్ధతిని 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను ఆంగ్లేయుడు లోకమునకు వెల్లడించెను. ఆయన దానిపై పేటెంటు తీసికొనలేదు. 1857లో పేదరికముననే మరణించెను. ఆ పద్ధతిని ఇనుపరేకునకు అన్వయించి 1856లో అమెరికాలో పేటెంటు పొందినవాడు కెన్యన్ కళాశాలలో ఆచార్యుడైన హామిల్టన్ స్మిత్.

ఆమ్లములలో నానబెట్టి సంస్కరించిన దూదిని ఈథరు, ఆల్కహాలులలో కరగించినచో చిక్కని ద్రవమేర్పడును. ఇదియే కలోడియను. ఇందు కొన్ని లవణములు చేర్చి, రేకును వ్రేళ్ళకొనలపై నిలిపి, నడుమ పోసి, నాలుగు మూలలకును పారునట్లు వంచవలెను. తొందరపడినచో చారలు పడును. తాత్సారము చేసినచో పొర ఎండిపోవును. పిమ్మట చీకటిడేరాలో రేకును సిల్వరు నైట్రేటు ద్రావణమున మూడు నిముషములు ముంచగా, అది పాలవలె తెల్లబారి వెలుతురును గ్రహింపగలదగును. అక్కడనుండి సర్వము తడి యారకముందే జరుగవలెను. కావుననే చీకటిగది కెమేరాకు అల్లంతదూరమునకు మించి యుండుటకు వీలులేదు.

కూర్చున్నవారు కొన్ని సెకండ్లపాటు కదలరాదు. తల కదలకుండ వెనుకనొక ఇనుపకొమ్మను ఆనించుటయు కలదు. పాతపటములలో ముఖములు గంభీరముగ నుండుటకు ఇదియు ఒక కారణము; అంతసేపు నవ్వు నిలుపుట యెవరితరము? ఈ రేకు నీలికాంతిని బాగుగ గ్రహించును గాని యెరుపును గ్రహింపదు. అందుచే ఎర్రని వస్త్రము నల్లగను, నీలికన్నులు వెలవెలబోయినట్లును కనబడును.

చూడవలసిన వింత కడపట జరుగును. డేరాలో రూపము తేలిన రేకును బయటికి తెచ్చి స్థిరీకరణ ద్రావణమున వేయగా, మబ్బువంటి పొర మెల్లగ కరగి, మనిషి ముఖము బయటపడును. వెలుతురు సోకినచోట వెండి బూడిదవన్నెగ నిలుచును. సోకనిచోట వెండి లేక, అడుగున నున్న నలుపే నీడయగును. ఇందు నెగెటివు లేదు. ఆ మనిషి ముందు నిలిచిన రేకే వాని చేతికి వచ్చును; దానికి జంట లేదు. జనులు వేచియుండుటకు ఇదియే కారణమని నా యభిప్రాయము.

అయితే ఈ పటము అద్దమువలె కుడియెడమలు మార్చి చూపును. న్యూమెక్సికోలో 1880 ప్రాంతమున తీయబడిన బిల్లీ ది కిడ్ అను బందిపోటు టిన్‌టైపును చూచి, వాడు ఎడమచేతివాటమువాడని లోకము చిరకాలము నమ్మెను. 1958లో ఆ పేరుతోనే చలనచిత్రము కూడ వెలువడినది. వాని చేతనున్న వించెస్టరు తుపాకికి గుండ్లు పెట్టు ద్వారము కుడివైపుననే యుండునని యెరిగినవారు గాని ఆ పొరపాటును గుర్తింపలేదు.

యుద్ధకాలమున ఈ పటముల విలువ వేరు. రేకు పగులదు గనుక సైనికులు దానిని తపాలాలో ఇంటికి పంపుకొనిరి. దీని తోబుట్టువైన గాజుపటమునకు సంబంధించిన యుదంతమొకటి శ్రోతలు వినదగినది. 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధమున ఒక సైనికుడు ముగ్గురు పిల్లల గాజుపటమును చేతబట్టుకొని మరణించెను. వాని పేరు తెలుపు ఆధారమేదియు దొరకలేదు. ఆనాటి పత్రికలు ఛాయాచిత్రమును ముద్రింపజాలవు. కావున పిల్లల వయస్సులను, దుస్తులను మాటలలో వర్ణించి ప్రకటించినవి. అది చదివిన ఒక యిల్లాలు సందేహించి వ్రాయగా, పటము ప్రతి ఆమెకు పంపబడెను. ఆ పిల్లలు ఆమె బిడ్డలే. మృతుడు ఆమె భర్తయైన ఏమస్ హ్యూమిస్టన్.

అందరికిని అట్టి యోగము కలుగలేదు. లిల్యెన్‌క్విస్ట్ కుటుంబమువారు 2010 మొదలు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయమున కొసగిన సైనికుల పటములలో పెక్కింటికి పేర్లు లేవు. దుస్తులు, బొత్తాములు, నడికట్టు బిళ్ళపై చెక్కిన అక్షరములు, ఇవియే మిగిలిన యాధారములు. ఆ అక్షరములును తిరుగబడియుండుటచే, పటమును అద్దమునకు ఎదురుగ పట్టినగాని చదువరావు.