సంఘానికి ఒక నల్లబల్ల
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు నాకొక పని అప్పగించారు. పొద్దున్నే విజయవాడ రేడియో వార్తలు విని, నాలుగు ముక్కలు బళ్ళో నల్లబల్ల మీద రాయాలి. మా ఇంట్లో రేడియో లేదు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని వినేవాణ్ణి. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రమే నాకు మంచి తెలుగు నేర్పింది. అరుగు మీద పెద్దలు పార్టీల కోసం గట్టిగా వాదించుకునేవారు. అయినా అందరూ విన్న వార్త ఒక్కటే. ఒకనాడు ఎన్నికల ఫలితం తప్పు రాశాను. "విన్నది సగం, రాసింది మొత్తమా?" అన్నారు మాస్టారు.

ఇప్పుడు ఎఫ్.ఎం. వచ్చింది, ఆకాశవాణి సెల్‌ఫోనులోనే వినబడుతోంది. సంతోషమే. కానీ ఎవరి ఫోను వారిది, ఎవరి వార్త వారిది. 2007 నాటి 4 శాతం రిజర్వేషన్ చట్టాన్ని పొగిడే వీడియోలు, తిట్టే వీడియోలు మన పిల్లలు చూస్తూనే ఉన్నారు. అది ముస్లిములందరికీ కాదనీ, పేర్కొన్న వెనుకబడిన వర్గాలకేననీ, బి.సి.-ఇ సర్టిఫికెట్ ముందుగానే తీసుకోవాలనీ ఎందరికి తెలుసు? తెలియక సీటు పోగొట్టుకుంటే ఆ నష్టం ఎవరిది?

అందుకని నా మనవి ఒక్కటే. మన సంఘం వసారాలో ఒక నల్లబల్ల పెడదాం. ప్రతి శుక్రవారం ఒక అబ్బాయో అమ్మాయో పూర్తిగా విచారించిన నాలుగు ముక్కలు దాని మీద రాయాలి. సుద్దముక్కల ఖర్చు నాది.

ఖుదా హాఫిజ్.