ఆగి ఉన్న లారీకి చక్రాలెందుకు మావయ్యా?

వెనకాల వినిపిస్తున్న సౌండ్ మా రేకుల షెడ్డు మీద పడుతున్న వాన. విస్సన్నపేటలో నిన్న రాత్రి నుంచీ ఆగకుండా పడుతోంది. కరెంటు వస్తూ పోతూ ఉంది. మధ్యలో లైటింగ్ మారితే ఏమనుకోకండి.

ఇవాళ ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. వేసవి సెలవుల్లో పెట్టిన వీడియో గుర్తుందా? మామిడికాయల అట్టపెట్టెతో లారీ. మా అక్క కూతురు, నాలుగున్నరేళ్ల పిల్ల, దాన్ని లాక్కుంటూ వెళ్తుంటుంది. "పాప ఎంత బాగా చేసిందో" అని మీరు బోలెడు కామెంట్లు పెట్టారు. నేను ప్రతి దానికీ హార్ట్ కొట్టాను కూడా. ఆ లారీ పాప చేసింది కాదండి. నేను చేసింది. పాప చేసిన లారీ వేరే ఉంది, దాన్ని నేను పీకేశాను.

ఏం జరిగిందో చెప్తాను.

మాది మామిడి ఊరు కదా. నూజివీడు మామిడి అని మీరు కొనే బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు మా చుట్టుపక్కల తోటల్లోవే. ఏప్రిల్, మే వచ్చిందంటే ఇంటి నిండా అట్టపెట్టెలు, వరిగడ్డి, పాత పేపర్లు. అక్క పిల్లని మా అమ్మ దగ్గర వదిలి హైదరాబాద్ వెళ్లింది. పిల్లేమో పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఫోను. అన్నం తినాలంటే ఫోను, నిద్రపోవాలంటే ఫోను. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వీడియోలు చేసుకునేవాణ్ని, ఇంకో మనిషిని ఫోన్ చూడొద్దని ఎలా అంటాను చెప్పండి? అందుకని పెట్టెలు ముందేసుకుని కూర్చున్నాం, నేనూ తనూ.

నాలుగు రౌండ్ అట్టముక్కలు నేనే కత్తిరించి ఇచ్చాను. తను వాటికి మైదా జిగురు పూసి పెట్టెకి ఠక్కున అంటించేసింది. అంటే చక్రం తిరగదు. "అట్లా కాదు నాన్నా, తిరగాలి కదా" అన్నాను. తను నా వైపు చూసి, "తిరగక్కర్లేదు మావయ్యా. లారీ ఆగి ఉంది. కాయలు ఎక్కిస్తున్నారు" అంది.

కరెక్టే కదా? మా ఇంటి ముందు సీజనంతా లారీలు ఆగే ఉంటాయి. పిల్ల చూసింది అదే. కానీ నా బుర్రలో షాట్ ఉంది. లారీ కదలాలి, కెమెరా దాని వెనక వెళ్లాలి. సాయంత్రం వెలుగు పోతోంది. చక్రాలు నాలుగూ పీకేసి, స్ట్రా ముక్క అంటించి, అందులో చీపురుపుల్ల దూర్చి, ఇరవై నిమిషాల్లో కదిలే లారీ తయారుచేశాను. తన చేతికి తాడిచ్చి లాగమన్నాను. లాగింది. షాట్ అయిపోగానే తాడు కింద పడేసి, "ఇది నీ లారీ" అనేసి లోపలికెళ్లి ఫోన్ తీసుకుంది.

ఆ వీడియో నా ఛానెల్లో బాగా ఆడింది. ఆ డబ్బుతోనే ఈ మైకు కొన్నాను. కాబట్టి నీతులు చెప్పే పొజిషన్‌లో నేను లేను. జరిగింది మీకు తెలియాలి, అంతే.

వారం తర్వాత పక్కింటి పిల్లాడు వచ్చాడు. ఏడేళ్లు ఉంటాయేమో. వాడి చేతిలో తాటిబుర్రల బండి. సిటీలో పుట్టినవాళ్ల కోసం చెప్తున్నా. తాటికాయలో మామూలుగా మూడు ముంజెలుంటాయి. అవి తినేశాక మిగిలిన బుర్రలు రెండు తీసుకుని, వాటి మధ్యలోంచి ఒక పుల్ల గుచ్చితే అదే ఇరుసు. పైన పంగల కర్ర. ఆ పంగ ఇరుసు మీద ఆనించి నెట్టుకుంటూ పరిగెత్తడమే. మేకు లేదు, జిగురు లేదు, పైసా ఖర్చు లేదు. పాడైతే ఇంకో రెండు ముంజెకాయలు తినడమే. వాడికి ఎవరూ ట్యుటోరియల్ చూపించలేదు, వాళ్ల అన్నని చూసి నేర్చుకున్నాడు. నేను బీటెక్‌లో బేరింగుల గురించి పరీక్ష కోసం బట్టీ పట్టాను. వీడు పంగ దగ్గర ఇరుసు రాసుకుంటోందని ఇంత కొబ్బరినూనె పూసుకున్నాడు!

మా చిన్నది ఇంకో పెట్టె తీసుకుని, చక్రాల్లేకుండానే దానికి తాడు కట్టి, వాడి బండి వెనక పరుగు. మట్టిరోడ్డు మీద పెట్టె ఈడ్చుకుపోతుంటే సాయంత్రానికి అడుగు చిరిగిపోయి లోపలి ఉల్లిపాయలు (అవే మామిడికాయలు లెండి) దారంతా పడ్డాయి. మా అమ్మ తిట్టింది. మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల నా మంచం దగ్గరికొచ్చి లేపి ఏమందో తెలుసా? "లోడయిపోయింది మావయ్యా. ఇప్పుడు తిరగాలి."

ఈసారి నేను నోరు మూసుకున్నాను. నిజం చెప్తున్నా, చాలా కష్టం అది. తను స్ట్రా అంటించింది, లోపలి పుల్లని కూడా కలిపి అంటించేసింది. తిరగలేదు. పక్కింటివాడి బండి తెచ్చి పక్కన పెట్టుకుని చూసింది. పుల్ల తిరుగుతోంది, పంగ తిరగట్లేదు. మళ్లీ పీకింది. రెండు రోజులు పట్టింది, మూడు స్ట్రాలు పాడయ్యాయి. చివరికి వచ్చిన లారీ ఒక పక్కకి ఒరిగి, ఎడమవైపుకే పోతుంది. దాన్ని నేను షూట్ చేయలేదు. కావాలంటే థంబ్‌నెయిల్‌లో మూల కనిపిస్తోంది చూడండి, ఆ వంకర చక్రం.

ఇక్కడ మీకు ఒకాయన గురించి చెప్పాలి. అరవింద్ గుప్తా. 1975లో ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేసి, పూణెలో టెల్కోలో చేరారు, ఇప్పటి టాటా మోటార్స్. 1978లో ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ వెళ్లారు. అక్కడ పల్లెటూరి బడుల్లో సైన్సుని ప్రయోగాలతో నేర్పే కార్యక్రమం 1972 నుంచి నడుస్తూ ఉండేది. ఆ సంతలో దొరికే చవక సామానుతో ఏం చేయొచ్చా అని చూస్తే, సైకిల్ వాల్వు ట్యూబు, అగ్గిపుల్లలు దొరికాయి. వాల్వు ట్యూబు చిన్న ముక్క కోసి, మందు గీకేసిన అగ్గిపుల్లలు రెండు వైపులా దూరిస్తే కీలు తయారు. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కండి, కదలదు. నాలుగుతో చతురస్రం చేసి నొక్కండి, ఒరిగిపోతుంది. కరెంటు టవర్ల నిండా త్రిభుజాలే ఎందుకుంటాయో అయిదో క్లాసు పిల్లాడికి వేళ్లతో తెలిసిపోతుంది. ఆయన బొమ్మలు, పుస్తకాలు అన్నీ వెబ్‌సైట్‌లో ఫ్రీగా పెట్టేశారు, తెలుగువి కూడా ఉన్నాయి. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. నాకు నచ్చింది పద్మశ్రీ కాదు. ఆయన బొమ్మలు ఫొటోలో ఏమంత అందంగా ఉండవు. పిల్లలు చేసినట్టే ఉంటాయి. అగ్గిపుల్లల పని మాత్రం ఆరేడేళ్లు దాటినవాళ్లకే. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

జిగురు గురించి చాలామంది అడిగారు. ఒక చెంచా మైదాని ముందు చల్లనీళ్లలో ఉండల్లేకుండా కలిపి, అరగ్లాసు నీళ్లు పోసి సన్నమంట మీద తిప్పుతూ ఉండండి. తెల్లదనం పోయి కాస్త మెరుపొచ్చాక దించేయడమే. పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. మీరు కలపకండి, అది విషం. రెండు రోజులకి వాసనొస్తే పారబోసి కొత్తది చేసుకోండి. మా ఎన్టీఆర్ జిల్లాలోనే ఉన్న కొండపల్లిలో బొమ్మల వాళ్లు పొణికి చెక్కతో ముక్కలు చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. చింతగింజలు మనం ఊడ్చి పారేసేవే కదా! నేనూ ట్రై చేశాను. గింజలు వేయించి పొట్టు తీసి దంచేసరికి మా మిక్సీ జార్ బ్లేడు పోయింది. మైదానే బెటర్.

ఇంకొక్కటి సీరియస్‌గా వినండి. "ఇంట్లో వేస్ట్ ఏదైనా వాడొచ్చు" అని ఆ పాత వీడియోలో అన్నాను. తప్పు. మాలాంటి తోటల ఊళ్లో ఖాళీ పురుగుమందు డబ్బాలు గట్ల మీద పడి ఉంటాయి. మంచి రంగులు, గట్టి మూతలు, పిల్లలకి భలే నచ్చుతాయి. ఆ సీసాలు ఎన్నిసార్లు కడిగినా బొమ్మలకి వద్దు, మూతలు కూడా వద్దు. కాయలకి తొడిగే కవర్లు కూడా అందుకే నేను వాడలేదు, అవి మందు కొట్టిన తోటలో ఉన్నవి. అట్టపెట్టెలకి ఇనప పిన్నులుంటాయి, అవి ముందు మీరే పీకేయండి. పాడైన పాటల బొమ్మలు, రిమోట్లు విప్పుతారు కదా, లోపల గుండీలాంటి బ్యాటరీ ఉంటే వెంటనే తీసి దాచేయండి. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా హాస్పిటల్‌కి పరిగెత్తండి. మూతలకి వేడి మేకుతో చిల్లు పెట్టడం పెద్దవాళ్ల పని.

సరే, ఈ వానకి వచ్చిన విశేషం చెప్పి ముగిస్తాను. మా నాన్న చిన్నప్పుడు మామిడి టెంకతో బూర చేసేవారట. తినేసి పెరట్లో విసిరిన టెంకలు తొలకరికి మొలకెత్తుతాయి. పైపెంకు తీసేసి, లోపలి జీడిని ఒక వైపు గరుకురాయి మీద ఏటవాలుగా అరగదీసి, కడిగి, ఊదితే రెండు బద్దల మధ్యలోంచి గాలి వెళ్లి మోగుతుంది. బెంగాల్ పిల్లలూ ఇదే చేసేవారు. విభూతిభూషణ్ రాసిన 'పథేర్ పాంచాలీ' నవల్లో ఒక భాగం పేరే 'ఆమ్ ఆంటిర్ భేంపు', అంటే మామిడి టెంక బూర. పిల్లల కోసం కుదించి ఆ పేరుతోనే వేసిన పుస్తకానికి 1940ల్లో బొమ్మలు గీసింది సత్యజిత్ రాయ్. ఆ బొమ్మలు గీస్తున్నప్పుడే సినిమా ఆలోచన మొదలైంది, 1955లో వచ్చింది. చూడండి, పెరట్లో పారేసిన టెంక ఎక్కడిదాకా వెళ్లిందో.

నిన్న మా నాన్న మునగచెట్టు కింద వెతికి అయిదు తెచ్చారు. రెండు కుళ్లిపోయాయి. ఒకటి అరగదీస్తుంటే విరిగింది. నాలుగోది ఎంత ఊదినా తుస్సుమంది. మా నాన్నకి కోపమొచ్చి, అరవయ్యేళ్ల మనిషి, వానలో తడుస్తూ రాయి మీద అరగదీస్తూనే ఉన్నారు. అయిదోది మోగింది. పెద్ద శ్రావ్యంగా ఏం లేదు, గేదె మూలిగినట్టుంది. చిన్నది దాన్ని తీసుకుని, "ఇది లారీ హారన్" అంది.

ఈసారి కెమెరా ఆన్ చేయలేదు, అందుకని మీకు ఆ సౌండ్ వినిపించలేను. పాత వీడియో డిలీట్ చేయలేదు, ఈ లారీ ఎవరు చేశారో కింద పిన్ కామెంట్‌లో రాసి పెట్టాను. అక్క వచ్చే ఆదివారం వస్తోంది. పిల్ల హైదరాబాద్ వెళ్లేటప్పుడు లారీ తీసుకెళ్తానంటోంది, బస్సులో పట్టదని మా అమ్మ. చూడాలి. అయ్యో, మళ్లీ కరెంటు పోయింది. ఉంటాను మరి, బై.