వాయిదా ఆమెది, ఎంపిక ఎవరిది?

(సంఘ కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా ప్రసంగాంశం "తక్కువ డబ్బుతో పెద్ద టీవీ కొనడం" అని చూసి మీలో కొందరు నవ్వుకున్నారు. భూమి హక్కు, కనీస వేతనం, గృహహింస గురించి మాట్లాడుకునే చోట టీవీ గొడవ ఏమిటని ఒకరిద్దరు నన్ను అడిగారు కూడా. నిజానికి ఈ మూడు విషయాలూ టీవీలో ఉన్నాయి. ఆమె వేతనంలోంచి వాయిదా కడుతుంది. ఆ వస్తువు ఎవరి ఆస్తి అన్న ప్రశ్న వస్తుంది. ఇంట్లో గొడవ జరిగినప్పుడు మొదట అమ్ముడుపోయేది, లేదా పగిలేది అదే. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

కొనవద్దనడం మన పని కాదు

సంఘం సభ్యురాలు టీవీ కోసం అప్పు అడిగితే మనం సాధారణంగా ఏమంటాం? "అప్పు చేసి టీవీ ఎందుకమ్మా, పిల్లల చదువుకు దాచుకోరాదా?" అంటాం. ఈ మాట అనే మనందరి ఇళ్లలోనూ టీవీ ఉంది. నాలుగిళ్లలో పాచిపని చేస్తూ ఆ ఇళ్లలో గోడంత టీవీల మీద దుమ్ము రోజూ తుడిచే స్త్రీ, తన ఇంట్లోనూ ఒకటి ఉండాలనుకుంటే అది విలాసమా? సినిమాకు వెళ్లాలంటే ఆమెకు టికెట్టు డబ్బులు, ఆటో డబ్బులే కాక తోడు కావాలి, అనుమతి కావాలి. ఇంట్లో టీవీకి అవేవీ అక్కర్లేదు.

మన దేశంలో టీవీ పల్లెకు వచ్చినప్పుడు ఉమ్మడి వస్తువుగానే వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా బోధనా కార్యక్రమాలు చూపించే ప్రయోగం జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాల్లో ఊరికొక సెట్టు పెట్టారు. సాయంకాలం వంటవేళ ఊరి మధ్యకు వెళ్లి తీరిగ్గా కూర్చోగలిగేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. 1982లో రంగులు వచ్చాయి. తర్వాత టీవీ ఊరి మధ్య నుంచి ఇంట్లోకి వచ్చింది. కాని అది ఏ సైజుదో, ఎంత ధరదో, ఏ గోడకు తగిలించాలో నిర్ణయించే అధికారం మాత్రం చాలా ఇళ్లలో ఇంకా స్త్రీ చేతికి రాలేదు. కాబట్టి కొనవద్దని చెప్పడం మన పని కాదు. డబ్బు కట్టే మనిషే నిర్ణయించేలా, మోసపోకుండా కొనేలా తోడు నిలవడం మన పని.

ఆమె కూర్చునే చోటు నుంచి చూడాలి

మొదట సైజు సంగతి. మగవాళ్లు షోరూములో అడుగుపెట్టగానే 55 అంగుళాలదాని ముందు నిలబడతారు. టీవీ అంగుళాలంటే తెర ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచిన కొలత. 43 అంగుళాల సెట్టు అడ్డంగా మూడు అడుగులకు కాస్త ఎక్కువ ఉంటుంది. 55ది నాలుగు అడుగులు ఉంటుంది. మీ గదిలో గోడకూ, మీరు కూర్చునే చోటుకూ మధ్య దూరం ముందు కొలవండి. అంగుళాలను ఒకటిన్నరతో హెచ్చవేస్తే సుమారుగా ఎంత దూరం కావాలో తెలుస్తుంది. ఆ లెక్కన 43కి అయిదున్నర అడుగులు, 55కి ఏడు అడుగులు. పది అడుగుల గదిలో మంచం, బీరువా పోగా మిగిలేది ఎంతో మీకే తెలుస్తుంది. కొలత తాడు తీసుకుని షాపుకు వెళ్లండి.

ఇంకొక సంగతి షాపువాళ్లు చెప్పరు. ఈ రోజుల్లో పెద్ద సెట్లన్నీ ఫోర్‌కే అంటారు. అంటే తెర మీద చుక్కలు ఎక్కువ. కాని మన ఇంటికి వచ్చే కేబుల్‌లో చాలా ఛానెళ్లు హెచ్‌డీ కావు, మామూలువి. ఆ బొమ్మను పెద్ద తెర మీదికి సాగదీస్తే మసకగా కనిపిస్తుంది. షోరూములో ఆడేది మాత్రం కంపెనీవాళ్లు ప్రత్యేకంగా తయారుచేసిన పూలు, చేపలు, జలపాతాల బొమ్మ. దానికి తోడు వెలుగు పూర్తిగా పెంచి ఉంచుతారు. "ఆ షోరూము సెట్టింగు తీసెయ్యి, మా ఇంట్లో వచ్చే తెలుగు వార్తల ఛానెల్ పెట్టు" అని అడగండి. అడగడం మన హక్కు. అప్పుడు రెండు సెట్ల మధ్య తేడా నిజంగా ఎంతో తెలుస్తుంది.

ఇప్పుడు మనకు ముఖ్యమైన పరీక్ష. టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చునేది ఎవరు? ఇంటాయన. ఆమె ఎక్కడుంటుంది? వంటింటి గుమ్మం పక్కన, కింద, కూర తరుగుతూనో బీడీలు చుడుతూనో ఓరగా చూస్తుంటుంది. తెరల్లో వి.ఎ. అనే రకం ఎదురుగా చూస్తే బాగుంటుంది, పక్కకు జరిగితే రంగులు వెలిసిపోతాయి. ఐ.పి.ఎస్. అనే రకం పక్క నుంచి కూడా రంగు నిలుపుతుంది. కాని చీకటి గదిలో నలుపు కాస్త బూడిదగా అనిపిస్తుంది. ఏది ఏ రకమో సేల్స్ కుర్రాడికి తెలియకపోవచ్చు. తెలియక్కర్లేదు. షాపులో టీవీకి బాగా పక్కగా జరిగి, కింద కూర్చుని చూడండి. ఎవరన్నా నవ్వితే నవ్వనివ్వండి. పది నెలలు వాయిదా కట్టే మనిషికి తాను కూర్చునే చోటు నుంచి బొమ్మ కనిపించాలి కదా!

పేర్లకు భయపడవద్దు. ఎల్.ఇ.డి., క్యూ.ఎల్.ఇ.డి. రెండూ ఒకే జాతివి. వెనక దీపాలు, ముందు ఎల్.సి.డి. తెర ఉంటాయి. ఓ.ఎల్.ఇ.డి. మాత్రం వేరు, దాని ధర మన లెక్కకు అందదు. అట్టపెట్టె మీద హెచ్.డి.ఆర్. అని రాసి ఉన్నా, తెరకు తగినంత వెలుగు లేకపోతే దానివల్ల మనకు ఒరిగేదేమీ లేదు. డబ్బు తక్కువైనప్పుడు ఇలాంటి హంగులు వదులుకోండి. మీ జిల్లాలో సర్వీసు సెంటరు ఉందా, పెన్‌డ్రైవు, సెట్‌టాప్ బాక్సు తగిలించే చోట్లు ఎన్ని ఉన్నాయి, జ్ఞాపకశక్తి కనీసం రెండు జీబీ ఉందా అన్నవి మాత్రం వదులుకోవద్దు. తెర పగిలితే వారంటీ వర్తించదు. కొత్త తెర వేయించాలంటే దాదాపు కొత్త సెట్టు కొన్నంత ఖర్చవుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో గోడకు గట్టిగా బిగించడం అన్నిటికన్నా ముఖ్యం. బిగించే ఖర్చు ఎవరిదో కూడా ముందే అడగండి.

కొన్నాక వచ్చే ఖర్చూ లెక్కలో ఉండాలి. వంద వాట్ల సెట్టు రోజుకు అయిదు గంటలు నడిస్తే నెలకు 15 యూనిట్లు కాలుతుంది. స్మార్ట్ టీవీకి ఇంటర్నెట్ లేకపోతే సగం పనులు సాగవు. వాయిదాలు పది నెలల్లో అయిపోతాయి, రీచార్జి అయిపోదు.

సున్నా వడ్డీ లెక్క

అట్టపెట్టె మీద ముద్రించిన గరిష్ఠ ధర చూసి "సగానికి సగం తగ్గించాం" అంటే నమ్మవద్దు. అంతకంటే ఎక్కువకు అమ్మకూడదన్న హద్దు మాత్రమే అది. నాలుగు షాపుల్లో చేతికి ఇచ్చే ధర ఎంతో అడిగి పోల్చండి. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. పాత సరుకేమో చూడండి. పెద్ద టీవీకి పన్ను ఎక్కువని ఎవరైనా చెబితే అది పాత మాట. 32 అంగుళాలకు మించిన సెట్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే.

ఇక "వడ్డీ లేని వాయిదాలు". ఉదాహరణకు ఒక సెట్టు రొక్కానికి 28,000 రూపాయలకు ఇస్తారు. వాయిదాలకైతే ఆ తగ్గింపు లేదు, 30,000 అంటారు. నెలకు 3,000 చొప్పున పది నెలలు. పైన ప్రాసెసింగ్ ఫీజు 500, దాని మీద పన్ను 90. మొత్తం 30,590. అంటే రొక్కం ధర కన్నా 2,590 ఎక్కువ. నెల నెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి, మన భాషలో చెప్పాలంటే ఇది నూటికి రూపాయి అరవయ్యెనిమిది పైసల వడ్డీ. అదే 28,000 సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తీసుకుని పది నెలల్లో తీరిస్తే వడ్డీ 1,540. సున్నా వడ్డీ అన్నది రూపాయి వడ్డీ కంటే ఖరీదైనదన్నమాట! సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది.

ఒక వాయిదా రోజున ఖాతాలో డబ్బు లేకపోతే ఇటు బ్యాంకు, అటు అప్పిచ్చిన కంపెనీ రెండూ జరిమానా వేస్తాయి. కూలి డబ్బు ఏ రోజున చేతికొస్తుందో చూసుకుని వాయిదా తేదీ అడగండి. 2010లో సూక్ష్మరుణ సంస్థల వారం వారం వసూళ్లకు మన పల్లెలు ఎలా అల్లాడాయో, చివరికి ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి రావడం మనం చూశాం. అప్పు పత్రం చదవకుండా వేలిముద్ర వేయడం ఆ కష్టాలకు ఒక మూలం.

ఇప్పుడు మన చేతిలో ఒక ఆయుధం ఉంది. 2024 అక్టోబరు 1 తర్వాత ఇచ్చే ఇలాంటి వాయిదా అప్పులన్నిటికీ, ఫీజులతో కలిపి ఏడాదికి అసలు వడ్డీ శాతం ఎంతో చూపే ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అది అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. క్రెడిట్ కార్డు బాకీలకు ఈ నియమం వర్తించదు. "తెలుగులో కాగితం ఇవ్వు, చదివాకే సంతకం" అని అడిగే ధైర్యం మన సభ్యులకు రావాలి.

బిల్లు మీద ఎవరి పేరు?

మేము కౌన్సెలింగ్ చేసే చోటికి ఒక స్త్రీ వచ్చింది. ఇళ్లలో పనిచేసి తన ఖాతా నుంచే వాయిదాలన్నీ కట్టింది. చివరి వాయిదా తీరిన నెలలోనే భర్త ఆ టీవీని తాగుడికి అమ్మేశాడు. అడిగితే "బిల్లు నా పేరున ఉంది, నా ఇష్టం" అన్నాడు. ఆమె బ్యాంకు పాస్‌బుక్కులో వాయిదాలన్నీ వరసగా కనిపిస్తున్నాయి. ఆ కాగితం చూపించాకే ఆ మనిషి గొంతు తగ్గింది.

2005 గృహహింస చట్టం ప్రకారం ఇంటి సామాను అమ్మేయడం ఆర్థిక హింస కిందికి వస్తుంది. స్త్రీధనాన్ని తిరిగి ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. స్త్రీధనం మీద పూర్తి హక్కు స్త్రీదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. కాని వస్తువు ఎవరిదో చూపించాలంటే కాగితం కావాలి. కాబట్టి డబ్బు ఎవరు కడతారో వారి పేరునే బిల్లు ఉండాలి. పుట్టింటివారు పెళ్లిలో ప్రేమతో టీవీ కొనిచ్చినా బిల్లు అమ్మాయి పేరునే రాయించాలి. "మా అబ్బాయికి 55 అంగుళాలది" అని అవతలివాళ్లు అడిగితే అది కానుక కాదు, కట్నం. 1961 నుంచి అది నేరం.

వస్తువు చెడితే ఎవరు ఫిర్యాదు చేయాలి? 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొన్న మనిషినే కాదు, ఆ మనిషి సమ్మతితో వస్తువు వాడేవారిని కూడా వినియోగదారుగానే గుర్తిస్తుంది. బిల్లు భర్త పేరున ఉన్నా, ఇంట్లో వాడే భార్య ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతులే. ముందు 1915 నెంబరుకు ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. తేలకపోతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. కొన్న ఊళ్లోనే కాదు, మనం ఉండే చోటే కేసు వేయవచ్చు. వస్తువు విలువ అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు.

సంఘం చేయగలిగింది

ఇదంతా ఒక్కొక్క స్త్రీ ఒంటరిగా చేయడం కష్టం. ఏ.సి. షోరూములో చెప్పులు బయట విడవాలేమోనని వెనకాడే మన సభ్యులు ఇంకా ఉన్నారు. కాబట్టి ఎవరైనా పెద్ద వస్తువు కొనేటప్పుడు సంఘం నుంచి ఇద్దరు తోడు వెళ్లాలి. గది కొలత, రొక్కం ధర, అన్నీ కలిపి వాయిదాల మొత్తం, బిల్లు మీద పేరు అనే నాలుగు వివరాలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. నలుగురైదుగురు కలిసి ఒకేసారి కొంటే ధర బేరమాడే బలం కూడా వస్తుంది. అప్పు పుస్తకంలో "టీవీ" అని రాయడానికి సిగ్గుపడే పరిస్థితి సంఘంలో ఉండకూడదు. సిగ్గుపడి బయట తెచ్చుకున్న అప్పే ఆమె మెడకు చుట్టుకుంటుంది.

రిమోటు ఎవరి చేతిలో ఉంటుంది, పగలంతా పనిచేసిన మనిషికి ఆ టీవీ ముందు కూర్చునే గంట తీరిక ఎవరిస్తారు అన్నవి ఇంకా పెద్ద ప్రశ్నలు. వంటపని, ఇంటిపని పంచుకోకుండా అవి తేలవు. కాని షాపులో నిలబడి "నాకు ఇది వద్దు, అది కావాలి, బిల్లు నా పేరున రాయి" అని చెప్పిన స్త్రీ, ఇంటికొచ్చాక కూడా మరికొన్ని విషయాల్లో అలాగే చెప్పగలుగుతుంది. మీమీ సంఘాల్లో ఇప్పుడు నడుస్తున్న టీవీ, ఫ్రిజ్ అప్పుల పత్రాలు తెచ్చామని చాలామంది చెప్పారు. వాటిని బయటికి తీయండి. ఒక్కొక్క దాని అసలు వడ్డీ ఎంతో మనమే ఇక్కడ లెక్క కడదాం.