వరద నీళ్లు సముద్రంలో చేసే పని



మహబూబాబాద్‌లో సముద్రం ముచ్చటేంటని అనుకోవద్దు. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ వానకే ఆకేరు, మున్నేరు పొంగాయి. ఆ నీళ్లు కృష్ణలో కలిసి బంగాళాఖాతం చేరాయి. సముద్రం పాలైన నీళ్లు వృథా అంటుంటారు. నేను ఒప్పుకోను. అవి అక్కడ చేసే పని తెలియాలంటే ముందు గాలి సంగతి చూడాలి.

నైరుతి గాలి ఆంధ్ర తీరం వెంట ఈశాన్యానికి వీస్తుంది. భూమి తిరుగుతున్నందువల్ల పైనీరు గాలి దారిన పోకుండా కుడికి మళ్లి, ఒడ్డుకు దూరంగా జరుగుతుంది. ఈ లెక్క 1905లో స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ తేల్చాడు. జరిగిన నీటి చోటికి అడుగు నుంచి చల్లటి నీరు లేస్తుంది. అదే అప్‌వెల్లింగ్. దాంతో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పైకొస్తాయి. ఎండ తగిలితే కంటికి ఆనని నాచు పెరిగి నీరు పచ్చబడుతుంది. ఆ మేతకు కవళ్లు, కానాగంతల్లాంటి చేపలు చేరతాయి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త లాఫాండ్ ఈ తీరంలో అప్‌వెల్లింగ్‌ను పరిశోధించాడు.

అయినా కేరళ తీరంలో ఉన్నంత జోరు ఇక్కడ ఉండదు. కారణం నదులు. ఉప్పులేని నీరు తేలిక, పాల మీద మీగడలా పైన పరుచుకుంటుంది. కింది చల్లదనం దాన్ని చీల్చుకు రావాలంటే గాలికి చాలా బలం కావాలి. ఆ పొరలో మున్నేరు నీళ్లున్నాయి, కాళేశ్వరం దాటిన గోదావరి వరదా ఉంది. పెద్ద వాటా గంగా బ్రహ్మపుత్రలదే, మనం మరీ గొప్పలు పోనక్కర్లేదు.

మరి ఇదంతా కనిపెట్టి చూసేదెవరు? 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే సంస్థ హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. ఉపగ్రహాలు చూపే నీటి వేడి, పచ్చదనం బట్టి చేపలు దొరికే చోట్లు మత్స్యకారులకు చెబుతుంది. ఉపగ్రహానికి కనిపించేది పైపొరే, మబ్బుపడితే చాలాసార్లు అదీ ఉండదు. ఆర్గో అనే పరికరాలు సముద్రంలో రెండు వేల మీటర్ల లోతుకు దిగి, పది రోజులకోసారి పైకొచ్చి కొలతలు పంపుతాయి. కానీ అవి నడిసముద్రానివి. ఒడ్డు దగ్గరి తక్కువ లోతులో, అప్‌వెల్లింగ్ జరిగేచోట, అవి పనికిరావు. అక్కడ కొలిచేవాళ్లు, లెక్కకట్టేవాళ్లు కావాలి. ఫిజిక్స్, గణితం, కంప్యూటర్లు చదివినవాళ్లు మీలో ఉన్నారు. మన స్టేషన్‌లో రైలెక్కితే ఇన్‌కాయిస్ ఆఫీసు పూట ప్రయాణం. ఉద్యోగ నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.