పెద్దపేగు కాన్సరు - కణం చెప్పే మాట

వానలు తప్పిన ఏడు కోసిగి చుట్టుపట్ల పెక్కు కుటుంబాలు ఇంటికి తాళం వేసి సుగ్గికి పోతాయి. గుంటూరు మిరపచేలలో కూలి చేసుకొంటున్న మనిషికి మలంలో నెత్తురు కనబడితే, మొలలనో వేడి చేసిందనో అనుకొని మజ్జిగ తాగి ఊరుకుంటాడు. చాలమందికి అది మొలలే కావచ్చు. కొందరికి మాత్రం అది పెద్దపేగులో పుట్టిన కాన్సరు. మన పెద్దలు రాచపుండు అన్న జబ్బు.

అనుమానించిన వైద్యులు పుండునుంచి చిన్న ముక్క తీసి, సూక్ష్మదర్శినిలో చూచి, ఒక కాగితం వ్రాసి ఇస్తారు. ఇంటివారు అడిగేది ఒక్కటే: “మనిషి దక్కుతాడా?” ఆ ప్రశ్నకు జవాబులో ఒక పాలు ఆ కాగితంలో ఉన్న కణం పేరులో ఉన్నది.

పెద్దపేగు కాన్సర్లలో నూటికి 90కి పైగా అడినోకార్సినోమా జాతికి చెందినవి. పేగు లోపలి పొరలో జిగురును స్రవించే గ్రంథులలో ఇవి పుడతాయి. కణాలు ఇంకా గ్రంథుల రూపాన్ని నిలుపుకొని ఉంటే జబ్బు సాధారణంగా నెమ్మదిగా సాగుతుంది. రూపం చెడినకొద్దీ దుడుకుతనం హెచ్చుతుంది. పుండులో సగానికి మించి జిగురే నిండి ఉంటే దానిని మ్యూసినస్ రకమంటారు. ఇది నూటికి ఇంచుమించు పదిమందిలో కనబడుతుంది.

అన్నిటిలోను గడ్డురకం సిగ్నెట్ రింగ్, అనగా ముద్రటుంగరం. జిగురు కణం లోపలనే నిండి కేంద్రకాన్ని ఒక అంచుకు నెట్టివేయగా, కణం రాయి పొదిగిన ఉంగరంవలె కనబడుతుంది. ఇది పేగుగోడలో చాపక్రింద నీరువలె ప్రాకుతుంది గనుక బయటపడేసరికే ఆలస్యమవుతుంది. పాశ్చాత్య దేశాలలో ఇది నూటికి ఒకటి. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 2017లో ప్రకటించిన 800 మంది రోగుల పరిశీలనలో నూటికి సుమారు 13. ఆ రోగుల సగటు వయస్సు 47 ఏండ్లు మాత్రమే. పడుచువాడు గదా, కాన్సరేమిటని కొట్టిపారవేయరాదని మేము చెప్పడం అందుకే.

అయితే కణం పేరే తలవ్రాత కాదు. మెడ్యులరీ అనే రకం చూపుకు భయంకరంగా ఉంటుంది; ఫలితం మాత్రం తరచు మేలుగానే ఉంటుంది. ఆ కణాలలో జన్యులిపిని సరిదిద్దే యంత్రాంగం చెడి ఉండడంవల్ల, మన శరీరపు రక్షకకణాలు వాటిని పరాయివాటినిగా గుర్తుపట్టగలుగుతాయి. ఇటువంటి లోపమున్న కాన్సరు ముదిరినప్పుడు రక్షకకణాలను పురికొల్పే పెంబ్రోలిజుమాబ్ అనే మందును వాడడానికి అమెరికా 2017లో అనుమతించింది. ఈ లోపం కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తుంది గనుక, రక్తసంబంధీకులలో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉంటే వైద్యునికి తప్పక చెప్పవలెను.

కణంకన్న పెద్ద సాక్షి దశ. పుండు పేగుగోడలో ఎంత లోతుకు దిగినదో, లింఫు గ్రంథులకు ప్రాకినదో లేదో చూచి దశలు నిర్ణయించే పద్ధతిని లండనులో కత్‌బర్ట్ డ్యూక్స్ 1932లో ప్రకటించాడు. నేటి పద్ధతులకు మూలం అదే. తొలిదశలో పట్టుబడిన ముద్రటుంగరపు కణాన్ని శస్త్రచికిత్సతో నయం చేయవచ్చు. కాలేయానికి చేరిన సాధారణ కణం అంతకన్న కష్టసాధ్యం.

కనుక కాగితం చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: కణం ఏ రకం? దశ ఏది? జన్యులోపపు పరీక్ష చేశారా? శస్త్రచికిత్స జరిగి ఉంటే, కనీసం 12 లింఫు గ్రంథులను పరీక్షించినారా అని కూడ అడగండి.

ఆ కాగితాన్ని రేషను కార్డుతోపాటు పెట్టెలో దాచండి. సుగ్గికి పోయేటప్పుడు వెంట తీసుకొని పొండి. చికిత్స కర్నూలులో మొదలై గుంటూరులో కొనసాగవలసి వస్తే, క్రొత్త వైద్యునికి మీ జబ్బు కథ చెప్పేది ఆ కాగితమే.